కారణం రాయవలసిన గడి

"మేం చేయగలిగిందంతా చేశాం గురువుగారూ. మనసు బాగోలేనివాళ్ళకు జీతంతో సెలవు ఇస్తామన్నాం. వారానికోసారి మానసిక వైద్యురాలిని పిలిపిస్తున్నాం. రెండేళ్ళయినా ఒక్కరూ రాలేదు. అవసరం లేకనే గదా?" అని అడిగాడు ఫణిభూషణం. అతను ఒక మందుల కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి. ఆదివారాలు అచ్యుతరామయ్యగారి దగ్గర ఉపనిషత్తులు చదువుకునేవాడు.

అచ్యుతరామయ్యగారు వాదించే మనిషి కారు. ఒకప్పుడు తమ వీధిలో ఉన్న కోటేశ్వరి సంగతి చెప్పారు.

కోటేశ్వరి రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. మూడేళ్ళ కూతురు జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో చేతుల్లోనే పోయింది. నెల తిరక్కుండా ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చుంది. తిండి సయించదు, కన్ను మూతపడదు. సూది రెండుసార్లు వేలిలో దిగినా నొప్పి తెలియలేదు. ఆ రోజుల్లోనే అక్కడా ఇలాంటి సెలవే ఇస్తామన్నారు, వైద్యురాలినీ పిలిపించారు. ఆ సంగతి రాసి గోడ మీద అంటించిన కాగితం కోటేశ్వరి మూడు రోజులు చూసి చూసి, చివరికి ధైర్యం కూడదీసుకుని ఫారం అడిగి తీసుకుంది. కారణం అన్న గడిలో "మనసు బాగోలేదు" అని రాసి సూపర్‌వైజరుకిచ్చింది.

అతను చెడ్డవాడేం కాదు. మిషన్ల హోరులో ఆ మాట పైకి చదివి, "ఎవరికి బాగుందమ్మా ఇక్కడ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. కోటేశ్వరి కూడా నవ్వింది. ఫారం వెనక్కి తీసుకుని రాసింది కొట్టేసింది. దాని పక్కన "జ్వరం" అని రాసింది.

సెలవు వెంటనే దొరికింది. వైద్యురాలి గది బయట నర్సు ఆ ఫారం చూసి, జ్వరం బిళ్ళలు చేతిలో పెట్టి పంపేసింది.

ఆమె మళ్ళీ ఎవరినీ ఏమీ అడగలేదు. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, సగం కుట్టిన కాలరు మిషను మీదే వదిలి గేటు దాటి వెళ్ళింది. ఇంటికి చేరలేదు. భర్త ఫొటో పట్టుకుని ఆరు నెలలు బస్టాండ్లన్నీ తిరిగి, ఆఖరికి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

"మా ఫారంలోనూ ఆ గడి ఉంది. రేపే తీసేయిస్తాను" అన్నాడు ఫణిభూషణం.

"తీసేయించు నాయనా" అన్నారు అచ్యుతరామయ్యగారు. "ఈ రెండేళ్ళలో మీ దగ్గర జ్వరమని రాసినవాళ్ళలో ఎవరెవరు మళ్ళీ పనిలోకి రాలేదో, అదీ చూడు."