మొదటి బంతి

"ఓలమ్మో! ఓ పెసిడెంటూ! సెవుల్లో దూదెట్టుకున్నావేటి? నా ఇల్లు సెరువైపోతంది!"

చివరి వీధి నుంచి వచ్చిన ఆ కేక రామమందిరం పందిట్లో భోజనాలకు చేరిన రెండువందల మందికీ వినబడింది. సరిగ్గా అప్పుడే సర్పంచి పోలినాయుడు తన గురువుగారిని ఒక పెద్ద ప్రశ్న అడిగి, జవాబు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గురువుగారంటే అప్పలస్వామిగారు. గంగన్నవలసలో ముప్పై ఏళ్లుగా చెక్కభజన నేర్పుతున్న పెద్దమనిషి. పోలినాయుడు కూడా ఆయన దగ్గరే అడుగు నేర్చుకున్నాడు. ఆయనకొక అలవాటుంది. ఏది అడిగినా శ్రద్ధగా వింటారు, తల ఊపుతారు, జవాబు మాత్రం చెప్పరు. మీరైనా నేనైనా విసిగిపోవాల్సిందే!

పోలినాయుడు అడిగింది ఇదీ: "గురువుగారూ, నేను సర్పంచినై మూడున్నరేళ్లయింది. చివరి వీధికి కుళాయిలు వేయించాను. బడికి గోడ కట్టించాను. తుఫానులో తలుపు తలుపూ తట్టి ముసలీ ముతకా అందర్నీ బయటికి తెచ్చాను. అయినా నన్ను చూసి ఒక్కడు లేచి నిలబడడు. పాత ప్రెసిడెంటు వీధిలోకొస్తే అరుగుల మీదున్నవాళ్లు భుజం మీద తువ్వాలు తీసి మరీ లేచేవారు. నాలో లోపమేమిటి? రేపు రాజీనామా రాసిచ్చేద్దామనుకుంటున్నాను."

ఇంతలో ఆ కేక. పందిట్లో ఒకటే నవ్వులు. "ఎళ్లు మావా, మీ అత్తగారు పిలుస్తంది!" అని వేళాకోళమాడాడొకడు.

"విన్నారా? ఇదీ నా మర్యాద!" అన్నాడు పోలినాయుడు.

"ముందు ఆ నీళ్లాపు. పద, నేనూ వస్తాను," అంటూ గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

మరి అక్కడేమో విస్తళ్లు వేసేస్తున్నారు. గంగన్నవలస మొదటి బంతి సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. తువ్వాళ్లు విసిరి చోటు పట్టుకుంటారు. ఒక విస్తరి దగ్గర అన్నదమ్ములు కూడా మాటా మాటా అనుకుంటారు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తండ్రికే మూడో బంతిదాకా చోటు దొరకలేదంటే చూసుకోండి! ఇవాళ తనకి అడుగు మాడిన అన్నమే అనుకుంటూ పోలినాయుడు పానా పట్టుకుని నడిచాడు.

ఆ కేక పెట్టిన ముసలమ్మ సన్యాసమ్మ. ఆవిడ ఇంటి గోడ దగ్గర పైపు జాయింటు ఊడి, నీళ్లు వంటింట్లోకి దూకుతున్నాయి. పోలినాయుడు వీధి మొదట్లో వాల్వు కట్టేసి వచ్చి, కొత్త పంచె ఎగ్గట్టి బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. సైకిలు ట్యూబు ముక్క చుట్టి పానాతో తిప్పుతుంటే, ముసలమ్మ చీపురు పట్టుకుని నెత్తిమీదే నిలబడింది.

"బిగించు! ఇంకా బిగించు! సేతుల్లో బలం లేదేటి?"

"మామ్మా, రేపట్నుంచి నన్ను కేకెయ్యకు. నాను దిగిపోతన్నాను."

చీపురు ఆగింది. "నలభయ్యేళ్లు గెడ్డకాడ్నుంచి నీళ్ల బిందెలు మోసాను. పాత పెసిడెంటుని ఒక్కసారైనా కేకేసానేటి?"

"లేదు."

"ఎందుకెయ్యలేదు?"

పోలినాయుడు పానా తిప్పడం ఆపి తలెత్తాడు.

"కేకేస్తే వచ్చీవోడైతే గదా!" అని, ఆవిడ మళ్లీ వంటింట్లో నీళ్లు తోసుకోవడం మొదలెట్టింది. గోడకానుకుని నిలబడ్డ గురువుగారు తల ఊపారు.

పని ముగిసి తిరిగొచ్చేసరికి గంట పైనే అయింది. ఈపాటికి మొదటి బంతి లేచిపోయి, రెండో బంతి పెరుగులోకి వచ్చేసుంటుందని పోలినాయుడి లెక్క. కానీ పందిట్లోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. ఈ కొస నుంచి ఆ కొసదాకా విస్తళ్లు వేసున్నాయి, ఉప్పూ ఊరగాయా వడ్డించున్నాయి, చాపల మీద తువ్వాళ్లు పరిచున్నాయి. ఒక్కరు కూర్చోలేదు. రెండువందల మందీ ఎక్కడివాళ్లక్కడ నిలబడే ఉన్నారు.

"గంట నుంచి బకెట్టట్టుకుని తిరుగుతన్నాను బావా! కూకోండి మహాప్రభో అంటే ఒక్కరూ కూకోరు," అని వంట సింహాద్రి అరిచాడు. "బేగి రా, కడుపులు కాలిపోతన్నాయి!"

పోలినాయుడు బురద పంచెతో అలాగే నిలబడిపోయాడు. వెనకే వచ్చిన సన్యాసమ్మ వీపు మీద ఒక్క చరుపు చరిచింది. "ఏటి సూస్తన్నావు? కూకో!"

"కూకుంటాను మామ్మా. రేపొద్దున్న నీ వీధిలో జాయింట్లన్నీ ఒకసారి సూసేస్తాను," అని పోలినాయుడు దగ్గర్లో ఉన్న విస్తరి ముందు కూర్చున్నాడు. అంతే! పందిరి పందిరంతా ఒక్కసారిగా కూర్చుంది, మోచేయికి మోచేయి తగిలేలా, నవ్వుకుంటూ, అన్నం కోసం కేకలేసుకుంటూ. సన్యాసమ్మ కూడా తడిచీరతోనే ఆ పక్కన చతికిలబడింది.

గురువుగారు శిష్యుడికి ఇవతలగా కూర్చుని, అన్నంలో పప్పు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"పప్పు చల్లారిపోయింది, నాయుడూ," అన్నారు. "ఒక్కడైనా ఆ మాటన్నాడా?"