బొంత నడుమ ఎర్ర ముక్క

ఊఁ కొడతావా? కొట్టకపోతే చెప్పను.

అనగా అనగా, వీధికో దర్జీ ఉండే ఒక ఊళ్ళో వజ్రమ్మ అని ఒకావిడ. దర్జీలు పారేసే గుడ్డముక్కలు ఏరి తెచ్చుకుని బొంతలు కుట్టేది. మధ్యాహ్నం వంటిల్లు కడిగేసి, వసారాలో కాళ్ళు చాపుకుని సూది పట్టుకుందంటే ఒంట్లో అలుపు, మనసులో చికాకు అన్నీ దిగిపోయేవి. పసుపు పక్కన నీలం, నీలం పక్కన చిలకపచ్చ. కుట్లు మాత్రం చీమలబారులా ఉండాలి. ఒక్కటి వంకరపోయినా అంతా విప్పేసేది. తప్పేముంది? కుట్టంటే కుట్టులాగే ఉండాలి.

ఆవిడ చెల్లెలు పేరిందేవి పక్క వీధిలోనే ఉండేది. ఒకసారి పేరంటంలో అందరి ముందూ, "మా అక్క బొంత మెత్తన, నోరు సూది" అనేసింది. అందరూ నవ్వారు. వజ్రమ్మ ఆ నవ్వు మర్చిపోలేదు. ఎందుకు మర్చిపోతుంది? ఆ గుమ్మం తొక్కడం మానేసింది.

అప్పుడు వజ్రమ్మ కూతురు ప్రసవించింది. బిడ్డకి బొంత కావాలి. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ. బొంత నడుమ ముక్క పెద్దవాళ్ళ పాత చీరది ఉండాలి. దాన్ని బాలింతకి పిన్ని అయినావిడే కుట్టివ్వాలి. వాళ్ళమ్మ కుంకంరంగు చీర పేరిందేవి దగ్గరే ఉంది.

పేరిందేవి ఆ చీరలోంచి ముక్క కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, కోడలు భూలక్ష్మి చేత పంపింది. "అమ్మ చీర నడుమ కూర్చున్నాక ఆ బొంత తన కళ్ళకి ఒక్కసారి చూపించమన్నారు మా అత్తయ్య" అంది భూలక్ష్మి.

వజ్రమ్మ ముక్కని వెలుగులో తిప్పి చూసింది. "ఇవి కుట్లా, కప్పగంతులా? మళ్ళీ కుట్టమను."

ఆ తర్వాత ఇంకోటి వచ్చింది. "మూలలు చూడు, అలిగిన కోడళ్ళలా తలోవైపు పోయాయి. మళ్ళీ కుట్టమను."

ఆ తర్వాత మూడోది. అది మరీ అధ్వాన్నం. "దీన్నుంచుకోండి పెద్దత్తయ్యా. ఇంక కుట్టలేరావిడ" అంది భూలక్ష్మి.

"చేత్తో కుట్టలేకపోతే నోటితో కుట్టమను. అది బాగా వచ్చుగా!"

భూలక్ష్మి ఆ ముక్క మడిచి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

వజ్రమ్మ బొంత నడుమ పసుపు ముక్క పెట్టింది, విప్పేసింది. ఆకుపచ్చ పెట్టింది, విప్పేసింది. నీలం పెట్టింది, అదీ విప్పేసింది. సూది పట్టుకుంటే దిగే చికాకు ఈసారి దిగలేదమ్మా, ఎక్కింది.

అప్పుడు నడుమ చిల్లున్న ఆ బొంత చంకన పెట్టుకుని, 'ముక్క కోసం వెళ్తున్నా, దాని మొహం చూడ్డానికి కాదు' అనుకుంటూ చెల్లెలింటికి వెళ్ళింది.

పేరిందేవి గడపలో కూర్చుని ఉంది. పక్కన చిన్న దిండు. దాన్నిండా దారం ఎక్కించిన సూదులు గుచ్చి పెట్టింది కోడలు.

"ఎవరూ?" అంది.

"సొంత అక్కని పట్టుకుని ఎవరంటావా?"

పేరిందేవి మొహం విప్పారింది. చూపు మాత్రం గోడ మీదే ఉంది. "అక్కా! సూది వచ్చిందీ!"

వజ్రమ్మ చెల్లెలి కళ్ళ ముందు చెయ్యి ఆడించింది. రెప్ప కదల్లేదు. పక్కన కూర్చుంది. "ఎప్పట్నించే?"

"మొదటి ముక్కప్పుడు కాస్త కంటికి ఆనేది. మూడోది చేతులే కుట్టాయి. నీకు చెప్పొద్దని భూలక్ష్మి చేత ఒట్టేయించుకున్నాను. జాలిపడి తీసుకుంటే నాకెందుకూ?"

వజ్రమ్మ ఆ మూడో ముక్కే తీసుకుని బొంత నడుమ కుట్టింది. చెల్లెలి కుట్టు ఒక్కటి కూడా విప్పలేదు.

పేరిందేవి వేళ్ళతో తడిమింది. "ఎర్రగా ఉందా అక్కా?"

"ఉందే. అమ్మ బొట్టులా ఉంది."

"పక్కనేముంది?"

వజ్రమ్మ ఒక్కో ముక్కా చెప్పింది. ఇది చిలకపచ్చ, ఇది వంకాయరంగు, ఇది కందిపప్పు రంగు... పొద్దు వాలేదాకా చెప్పింది. పేరిందేవి తలూపుతూనే ఉంది. కానీ ఎంత చెప్పినా చెప్పడమే కదమ్మా, చూపించడం కాదు.

కథ కంచికి,
సూది సంచికి,
నిద్ర నీ కంటికి,
మనం బొంత కిందికి.