తాడు పట్టిన బావమరిది

అనగనగా కొండ అంచున ఒక ఊళ్ళో బయన్న అని ఒకడుండేవాడు, తల్లీ. చరియ మీద తాడుకి వేలాడి తేనె దించడం అతని పని. పైన చెట్టుకి ఓ చుట్టు వేసి తాడు పట్టేవాడు బావమరిది ఈదన్న. అక్క పసుపుకుంకుమలు తన చేతుల్లో ఉన్నాయని బావమరిది తాడు వదలడు. అందుకే ఆ ఊళ్ళో ఆ పని ఎప్పుడూ బావమరిదిదే.

బయన్నకి నోరు ఊరుకోదు. కింద లోయ నిండా పాలనురుగులాంటి మంచు. దాని మీద ఉయ్యాలలా ఊగుతూ కబుర్లు చెప్పేవాడు. పైనుంచి ఈదన్న "ఊఁ" కొట్టేవాడు, నువ్వు కొడుతున్నట్టే.

ఒకరోజు చరియకి మూడు తేనెపట్టులు కనిపించాయి. బయన్న కొండదేవరకి దణ్ణం పెట్టి దిగాడు. మొదటి పట్టు కోస్తూ వాళ్ళ తాత పెళ్ళి కబురు ఎత్తుకున్నాడు. "ఊఁ" గట్టిగా వచ్చింది.

ఆ తర్వాత రెండో పట్టు. పెళ్ళివారు ఇంకా దారిలోనే ఉన్నారు. "ఊఁ" ఆలస్యంగా, మెత్తగా వచ్చింది.

అప్పుడు మూడో పట్టు. తేనెటీగల్ని తోలే పొగకట్ట చేతిలోనే ఆరిపోయింది. ఈగలు లేచాయి.

"ఒరే ఈదన్నా, పొగంటే గుర్తొచ్చింది, తాత పెళ్ళిలోనూ పొయ్యి ఇలాగే ఆరిందిట, ఇప్పుడిదీ ఆరింది, ఈగలు లేచాయి, లాగాలి మరి, ఆ పెళ్ళిలో అయితేనా..."

"ఊఁ."

తాడు కదల్లేదు.

ఒక ఈగ నుదుటి మీద కుట్టింది. ఇంకోటి చెవి మీద. బయన్న ఇంకా గట్టిగా, ఇంకా పొడుగ్గా అరిచాడు. ఈగల రొదలో కలిసి ఆ అరుపూ జోలపాటలాగే పైకి చేరింది.

"ఊఁ... ఊఁ..."

అప్పుడు ఒక ఈగ వచ్చి పెదవి మీద వాలింది. బయన్న నోరు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

కబుర్లు ఆగేసరికి పైన ఈదన్న ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "బావా?"

పెదవి విప్పీ విప్పకుండా బయన్న అన్నాడు, "లాగు."

తాడు చరచరా పైకొచ్చింది.

"ముందే చెప్పొచ్చుగా బావా!"

"చెప్పాను కదరా!"

"లాగమన్నది నిన్నో, మీ తాత పెళ్ళిబండినో నాకేం తెలిసేది?"

ఉబ్బిన మొహంతోనే బయన్న పకపకా నవ్వాడు. ఆ తర్వాత తాడు మీద అతనికి మూడే మాటలు. దించు, ఆగు, లాగు. తాత పెళ్ళి మాత్రం ఇంటికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చున్నాకే. అప్పటికి ఈదన్నకి చేతులూ ఖాళీ, చెవులూ ఖాళీ.

ఏం తల్లీ, ఊఁ కొట్టవేం? నిద్రొచ్చిందా? అయితే నేనూ ఆపేస్తాలే.

కథ కంచికి, తేనె చట్టికి,
తాడు ఇంటికి, మా తల్లి నిద్రకి.