గంటనెత్తిన కేక

అమ్మలారా, అయ్యలారా, ఒక్కసారి చెవి ఇటు పెట్టండి! స్వామివారి కంచుగంటను కొండమీదికి మోస్తున్న కూలీలంతా "గురప్ప భుజం పుండైంది, సెలవియ్యండి దొరా" అని ఒక్క గొంతుతో అడిగారు. మోతల అధికారి వీరభూపతి మండిపడ్డాడు.

"గుంపుగా నోరెత్తితే కొరడా! ఎవడి మాట వాడు విడిగా చెప్పుకోవాలి!"

"చిత్తం" అన్నాడు కూలీ అంకన్న, మనసులో స్వామికి దణ్ణం పెట్టుకుని.

ఇక ఒకడి తర్వాత ఒకడు "హైలెస్సా" అన్నారు. అన్నవాడే ఎత్తాడు. గంట కదల్లేదు. గుడిలో గంట కట్టే ముహూర్తం దాటిపోతోంది.

"కలిసి అనండిరా!"

"కొరడా అన్నారు కదండీ?"

"లేదురా బాబూ! ఏదో ఒకటి కలిసి అనండి!"

అంకన్న గొంతెత్తాడు. "గురప్పకూ..."

"సెలవూ!" అన్నారంతా.

కొండంత గంట పువ్వులా లేచి, తనంతట తానే ఖంగుమంది. వీరభూపతి చేతులు వాటంతటవే దణ్ణానికి కలిశాయి.

"ఇచ్చాను తండ్రీ!" అన్నాడు. స్వామితో అన్నాడో, కూలీలతో అన్నాడో అంకన్నకూ తెలియలేదు.