మహారాజు మనసులోని కొలత

ఒకానొక రాజ్యంలో, రాతిపనికి పేరుపడిన సీమలో, మల్లభూపాలుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ఖడ్గంకంటె గణితంమీద మమకారం. ఆయన లెక్క చెబితే పండితులు వేళ్లు ముడవకుండానే తలలూపేవారు. తన లెక్క తప్పదనడానికి ఆయనకు ఆ తలలే సాక్ష్యం.

ఒకమారు కొత్త సభామండపం తలపెట్టాడు. మండపం ఒక్కో భుజం పొడవెంతో తెలిసినవాడు రాజు ఆయుర్దాయం గుణించగలడని జ్యోతిష్కులు చెప్పడంతో, ఆ కొలతను మనసులోనే దాచుకొని, నేలకు రాతిపలకలు పరిచే సింగనను పిలిపించాడు.

"మండపం నలుచదరం. దానికి రాయి తెప్పించాము. తూర్పున మూడు మూరలు, ఉత్తరాన రెండు మూరలు పెంచుతున్నాము. మూడు రెళ్లు ఆరు. పెంపుకు మూరెడు చదరపు పలకలు ఆరు చాలు. ఏడోది అడిగావా, నీవారైన రాతిపనివాళ్ల నలభై కుటుంబాలూ కోట విడిచి పోవలసిందే."

"ఆహా!" అన్నాడు మంత్రి.

సింగన చేతులు కట్టుకొన్నాడు. "ఏలినవారి లెక్కకు తిరుగేముంది? నా చేతికే తెలివి చాలదు. ఆ ఆరూ ఎక్కడ పెట్టాలో తమరు ఒక్కసారి పెట్టి చూపితే, కళ్లకద్దుకొని పరుస్తాను."

సంచి విప్పి నల్లరాతి చదరం ఒకటి నేలమీద ఉంచాడు. "ఇది తమ మండపం. ఈ చిన్న ముక్కలు మూరెడు పలకలు."

రాజు ముచ్చటపడి సింహాసనం దిగి, మోకాళ్లమీద కూర్చున్నాడు. ఆరు ముక్కలనూ చదరానికి ఈశాన్యమూల బయట మూడేసి చొప్పున రెండు వరసలుగా పేర్చాడు.

"దివ్యంగా కుదిరింది ప్రభూ," అన్నాడు సింగన. "మరి తూర్పున, ఉత్తరాన మన్ను మిగిలింది. అక్కడ సామంతులను కూర్చోబెట్టమంటారా, పండితులనా?"

మంత్రి "ఆ" అని, "హా" మింగేశాడు.

రాజు ఆ ఖాళీలమీద వేలు పెట్టాడు. "ఇక్కడేమి పెడతావు? పొడవు నీకు తెలియదు కదా?"

సింగన చదరమంత పొడవున్న సన్నని రాతి పట్టీలు అయిదు అందించాడు. "పొడవు తమ మనసులోనిది. వెడల్పు మూర."

రాజు తూర్పున మూడు, ఉత్తరాన రెండు తానే అమర్చాడు. వెంట్రుకవాసి సందు లేదు.

"ఈ చదరం భుజమెంత?"

"నేనూ కొలవలేదు ప్రభూ."

కనికట్టేమోనని రాజు మరో జత అడిగాడు. ఈసారి చదరం చిన్నది, దానికి తగ్గ పట్టీలు. మళ్లీ అయిదు, మళ్లీ ఆరు. కళ్లు మూసుకొని కోటంత చదరాన్ని ఊహించాడు, ఆపైన దిగంతాలు తాకే చదరాన్ని. అయిదు పట్టీలు, ఆరు ముక్కలు. ఆయన కళ్లు తెరిచాడు.

"నా కొలత నా గుండెలోనే ఉంది. నా నేల నీ అరచేతిలోకి ఎలా వచ్చిందయ్యా?"

"పేరు తెలియని చుట్టానికి కూడా పీట వేస్తాము కదా, ప్రభూ."

రాజు సభ అదిరేలా నవ్వాడు. "ఇన్నేండ్లూ లెక్కలు చెప్పాను. లెక్కను చూడటం ఇదే మొదలు!" ఆ నలభై కుటుంబాలకు కోటలోనే శాశ్వతంగా నివాసాలు రాయించి, తన భుజకీర్తి తీసి సింగన చేతిలో పెట్టాడు.

"ఈ పలకలు మాత్రం నాకు విడిచిపో" అని, మళ్లీ మోకాళ్లమీద వంగాడు.