ఆవలింతలు అంటుకున్న కొలువు

నల్లకోటను ఏలే చెన్నభూపతికి ఒక పొద్దున ఉన్నట్టుండి యుద్ధం మీదికి మనసు పోయింది. పక్కనున్న ఎర్రగుట్ట రాజ్యంలో కత్తులు నూరుతున్నారని మంత్రి నాగదేవుడు చెవిన వేశాడు మరి.

"కత్తులు నూరుతున్నారంటే మన మీద పగే కదా ప్రభూ. మన కొలుముల్లోనూ కత్తులు నూరిస్తూనే ఉన్నాను. వాళ్ళకంటే ముందు మనమే మీద పడాలి," అన్నాడు మంత్రి మీసం దువ్వుకుంటూ.

"సరే, ఈ సాయంత్రమే యుద్ధభేరి మోగించండి," అన్నాడు రాజు. అంతలో ఆయనకు విదూషకుడు బసవప్ప గుర్తొచ్చాడు. "వాడు నిన్ననే కదా ఎర్రగుట్ట నుంచి వచ్చింది. పిలవండి, ఆ పగ ఎంతుందో చెబుతాడు."

బసవప్ప వచ్చాడు గానీ, దారి పొడవునా తొలిచిన అనుమానం అతన్ని ఇంకా వదల్లేదు. ఎర్రగుట్టలో ఏ కొలిమి దగ్గర చూసినా నాగలి కర్రులు మూలన పడేసి కత్తులు నూరుతున్నారు. ఎందుకని అడిగితే, "మీవాళ్ళు నూరుతున్నారటగా," అన్నారు. పూటకూళ్ళ అవ్వయితే గోంగూర వడ్డిస్తూ, "మీ రాజుకు మా మీద అంత కోపమెందుకు నాయనా?" అని అడిగింది. బసవప్ప చేతిలోని ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. తప్పు మన ఏలికదేమో అని ఒక్క క్షణం అనిపించి, అలా అనిపించినందుకు లెంపలు వేసుకున్నాడు. కానీ అనిపించింది చెప్పకుండా దాచడం అంతకంటే పెద్ద తప్పు.

"ప్రభూ, వాళ్ళకు పగ లేదు. మనం నూరుతున్నామని వాళ్ళు, వాళ్ళు నూరుతున్నారని మనం. అంతే," అన్నాడు.

మంత్రి పకపకా నవ్వాడు. "పగ లేకుండా కత్తి నూరేవాడు ఉంటాడటయ్యా? అక్కడి తిండి బాగా ఒంటబట్టినట్టుంది నీకు."

రాజు గడ్డం నిమురుకున్నాడు. "ఏమోయ్ బసవప్పా, భేరి మోగేలోగా ఇది రుజువు చెయ్యి. చేయలేకపోతే నీ కాపురం ఎర్రగుట్టకే మార్చుకో."

"ఇప్పుడే చేస్తాను ప్రభూ."

అని బసవప్ప కొలువు నడిమధ్య నిలబడి, దవడలు ఊడిపోతాయేమో అన్నంతగా నోరు తెరిచి ఆవలించాడు. నోటి ముందు తీరిగ్గా చిటికెలు వేసుకున్నాడు.

సభ నివ్వెరపోయింది. రాజు ముందు ఆవలించడమా? తిడదామని లేచిన సేనాపతి తిట్టు నాలుక మీదికి రాకముందే తానూ ఆవలించాడు. పక్కనున్న పురోహితుడు అందుకున్నాడు. ఆయన్ని చూసి ద్వారపాలకుడు, ఈటెకు ఆనుకుని మరీ ఆవలించాడు. కొలువంతా పోపులో ఆవాల్లా చిటికెలు చిటపటలాడాయి.

చివరికి రాజుగారి నోరూ తెరుచుకుంది. నల్లకోట ఆచారం ప్రకారం రాజు ఆవలిస్తే మంత్రే చిటికెలు వేయాలి. నాగదేవుడు పెదవులు బిగబట్టి, బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, పరుగున వెళ్ళి చిటికెలు వేశాడు.

"ఏమిటీ ఆగడం?" అన్నాడు రాజు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

"తమకు నిద్ర వస్తోందా ప్రభూ?"

"లేదు."

"పోనీ, నా మీద కోపమా?"

"ఇంతవరకూ లేదు."

"మరెందుకు ఆవలించారు?"

"నువ్వు ఆవలించావని."

బసవప్ప చేతులు జోడించాడు.

"ఎర్రగుట్ట రాజు కత్తులు నూరించింది కూడా అందుకే ప్రభూ."

రాజు మళ్ళీ గడ్డం నిమురుకుంటూ ఆలోచనలో పడ్డాడు.

పని చెడిపోతోందని మంత్రికి అర్థమైంది. "ప్రభూ, ఈ మాటలు నమ్మకండి, శత్రువు..." అంటూ బిగబట్టిన నోరు తెరిచాడు.

అంతే. ఇంతసేపూ అదిమిపెట్టిన ఆవలింత నక్క ఊళలా సాగి బయటికి వచ్చింది. చిటికె వేసుకుందామంటే చేతులు తడబడి మీసానికి తగిలాయి.

ముందు రాజే నవ్వాడు. ఆ నవ్వూ కొలువంతా అంటుకుంది. పొట్ట పట్టుకుని నవ్వుతూనే రాజు తన పట్టు శాలువా తీసి బసవప్ప భుజాల మీద కప్పాడు.

"ఎర్రగుట్టకు ఇకమీదట మా రాయబారివి నువ్వే. మా కొలుముల్లో మళ్ళీ నాగలి కర్రులే సాగుతున్నాయని వెళ్ళి చెప్పు. ఈ ఆవలింత ఆగాలంటే ముందు మనమే నోరు మూద్దాం."