ఇల్లుబండి చక్రాలకు తూకం

కోనాపురం రాజు మదనగోపాలరాయలవారికి ఒక కోరిక పుట్టింది. ఇంట్లోంచి కదలకుండా రాజ్యమంతా తిరగాలట! నవ్వకండి, నాకూ ఉంది ఆ కోరిక. కాకపోతే నా మందుల డబ్బా, ముక్కాలి పీట, ఊరగాయ జాడీ ఎక్కించేసరికి బండిలో నాకే చోటుండదు.

రాజుగారు అనుకుంటే కానిదేముంది? పడకగది, వంటగది, పూజగది, అన్నీ ఉన్న ఇల్లుబండి తయారైంది. పన్నెండు గుర్రాలు లాగాలి. మొదట వేసిన చక్రాలు ఆ బరువుకి పగిలిపోతే, ఎనిమిది కొత్తవి బిగించారు.

"రేపే ప్రయాణం! దారిలో ఆగేది లేదు. స్నానం, భోజనం, గడ్డం గీయించుకోవడం, అన్నీ పరుగులోనే" అన్నారు రాజుగారు.

ఆ మాట గుర్నాథం చెవిన పడింది. రాజుగారికి రోజూ గడ్డం గీసేది అతనే. రాజు చెంప మీద గాటు పడితే, గీసిన చెయ్యి తీసేయాలని ఆ కోటలో కట్టడి.

పరుగున బండి దగ్గరికెళ్ళాడు. బండి ఇంకా దిమ్మెల మీద ఎత్తే ఉంది. ఒక చక్రాన్ని చేత్తో తిప్పి వదిలాడు. అది ఆగాక, కిందికొచ్చిన చోట సుద్దతో గీత పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆ గీతే కిందికొచ్చింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. మిగతా ఏడు చక్రాలదీ అదే వరస.

సభకొచ్చి చేతులు కట్టుకుని చెప్పాడు. "ప్రభూ, చక్రాలకి ఒక పక్క బరువెక్కువుంది. పరుగెత్తితే బండి ఎత్తెత్తి కుదుపుతుంది. బరువున్న చోట కాస్త చెక్కి, ఎదుటి పక్క ఇనుప మేకు కొడితే సరిపోతుంది. వడ్రంగులకి నాలుగు రోజుల పని."

రథాల అధికారి దండపాణి పకపకా నవ్వాడు.

"ఒరే గుర్నాథం, నీకు తెలిసింది కత్తి, నాకు తెలిసింది చక్రం. చిన్న బండికైతే తూకం చూస్తాం. ఇంత ఇంటికి ఎందుకురా? ఏనుగు మీద ఈగ వాలితే ఏనుగు తూలుతుందా?"

సభంతా తలూపింది. నేనక్కడుంటే నేనూ ఊపేదాన్నే. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, నా తల దానంతటదే ఊగుతుంది. అరవై ఏళ్ళకి పలక పట్టినప్పుడు, పంతులమ్మ నా తప్పులు చదివి వినిపిస్తుంటే బ్రహ్మాండంగా ఉన్నాయని ఊపాను.

"నాలుగు రోజులు ఆగలేను. దండపాణి మాటే మాట" అన్నారు రాజుగారు.

గుర్నాథం తల గోక్కున్నాడు. "చిత్తం ప్రభూ. నాది మట్టిబుర్ర. మా ఆవిడ పెళ్ళయిన మూడో రోజే కనిపెట్టింది. కానీ పరుగులో కత్తి పట్టడం నాకు అలవాటు లేదు. తమ చెంప మీద నేర్చుకోలేను కదా! ముందు ఇంకెవరి మీదైనా సాధన చేస్తాను."

"చెయ్యి. ఎవరి మీద?"

"బండి తూలదని నమ్మినవారి మీదే. దండపాణిగారి మీసం అంచులు సవరిస్తాను."

దండపాణి మీసాలంటే మాటలా! చెవుల దాకా మెలితిరిగి ఉంటాయి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఆముదం రాస్తాడు. కాదంటే తన మాట తప్పని తనే ఒప్పుకున్నట్టు. మింగలేక కక్కలేక బండెక్కాడు. వేడుక చూడాలని రాజుగారు ఎదురుగా కూచున్నారు.

గుర్రాలు నడిచినంతసేపూ బండి ఉయ్యాలలా సాగింది.

"చూశావట్రా?" అన్నాడు దండపాణి.

గుర్రాలు పరుగందుకున్నాయి. వంటగదిలో గిన్నెలు ఒకటొకటిగా దూకాయి. రాజుగారి తలపాగా జారి కళ్ళ మీదికొచ్చింది. దండపాణి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. గుర్నాథం కత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. కత్తి మీసం దగ్గరికి వెళ్ళలేదు. మీసమే ఎగిరెగిరి కత్తి దగ్గరికొస్తోంది.

"ఆపండి! బండి ఆపండి!" దండపాణి రెండు చేతులతోనూ మీసాలు మూసుకున్నాడు. "ప్రభూ, చక్రాలకి తూకం చూపించండి! ఎనిమిదింటికీ! నాలుగు రోజులు కాదు, నెల పట్టినా సరే!"

"అదేమిటయ్యా, ఇంత ఇంటికి తూకమెందుకన్నావు?" అన్నారు రాజుగారు.

గుర్నాథం కత్తి మడిచి వినయంగా అన్నాడు.

"ఆయన తప్పు లేదు ప్రభూ. ఇంటికి అక్కర్లేదు. ఇంట్లో ఉన్నవాళ్ళకే కావాలి."

రాజుగారు తలపాగా కళ్ళ మీంచి పైకి తోసుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పటికప్పుడే వడ్రంగులకి కబురంపి, చెయ్యి తీసేసే కట్టడి కొట్టేయించి, తన బంగారు కంకణం తీసి గుర్నాథం కుడిచేతికి తొడిగారు. మీసాల మీంచి చేతులు తీయకుండానే దండపాణి కూడా నవ్వేశాడు.